ఎక్స్ఛేంజీ నుంచి హార్డ్‌వేర్ వాలెట్‌కు మారుతున్నాను: సెటప్, రికవరీ పదాల భద్రత గురించి సలహా కావాలి

నిజాంపేట_మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో నిజాంపేటలో ఉంటాను, ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో కామర్స్ బోధిస్తాను. 2021 నుంచి జీతంలో కొంత పక్కన పెట్టి బిట్‌కాయిన్, అప్పుడప్పుడు కొంత ఈథర్ కొంటూ వచ్చాను. అవన్నీ ఇప్పటికీ ఒక భారతీయ ఎక్స్ఛేంజీ ఖాతాలోనే ఉన్నాయి. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగల పాలై, ఖాతాదారులు ఏడాదికి పైగా తమ సొమ్ము వెనక్కి తీసుకోలేక అవస్థ పడడం చూసిన తరువాత, నాకు అక్కడ ఖాతా లేకపోయినా మనసు కుదుటపడలేదు. ఆ క్రిప్టోను కదిలించే రహస్య కీలు నా చేతిలోనే ఉండాలని నిర్ణయించుకున్నాను.

గత నెల మా బావగారు డాలస్ నుంచి వస్తూ లెడ్జర్ కంపెనీ హార్డ్‌వేర్ వాలెట్ (ఆ కీలను దాచే చిన్న పరికరం), నానో ఎస్ ప్లస్ ఒకటి తెచ్చి ఇచ్చారు. అయితే దానిని ఆయన కంపెనీ సొంత వెబ్‌సైటులో కాకుండా, ఒక ఆన్‌లైన్ మార్కెట్‌లో వేరే అమ్మకందారు దగ్గర కొన్నారట. ప్లాస్టిక్ కవరు చెక్కుచెదరకుండా ఉంది గానీ, నేను ఇంకా పెట్టె తెరవలేదు. దీనిని నమ్మవచ్చునా, లేక పక్కన పడేసి కొత్తది తెప్పించుకోవాలా?

రెండవ సందేహం, వాలెట్‌ను తిరిగి తెచ్చుకోవడానికి పరికరం ఇచ్చే 24 రికవరీ పదాల గురించి. తోటి అధ్యాపకులలో ఒకరు ఫోటో తీసి ఈమెయిల్ డ్రాఫ్టులో ఉంచుకోమన్నారు. ఇంకొకరు 12 పదాలు ఇంట్లో, మిగతా 12 కరీంనగర్‌లో మా అమ్మగారి దగ్గర పెట్టమన్నారు. నాకేమో బ్యాంకు లాకరు మేలనిపిస్తోంది. ఇక మా ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబే లేదు: నాకేమైనా జరిగితే ఆమె వీటిని ఎలా తీసుకోవాలి? చివరిగా, ఎక్స్ఛేంజీ నుంచి సొంత వాలెట్‌కు మార్చినప్పుడు పన్ను పడుతుందా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు.

కొండాపూర్_ఎంబెడెడ్

మాస్టారూ, ఒక విషయం ముందుగా స్పష్టం చేసుకుంటే మీ సందేహాలలో సగం వాటంతట అవే తీరుతాయి. మీ బిట్‌కాయిన్ ఆ పరికరంలో ఉండదు, బ్లాక్‌చెయిన్‌ (నెట్‌వర్క్ అంతా పంచుకునే లావాదేవీల పద్దు) లోనే ఉంటుంది. దానిని కదిలించగల ప్రైవేట్ కీని బయటకు పొక్కనీయకుండా దాచడం, మీరు బటన్ నొక్కి ఒప్పుకున్న లావాదేవీపై ఆ కీతో సంతకం చేయడం మాత్రమే పరికరం పని. కీలన్నీ ఆ 24 పదాల నుంచే పుడతాయి. కాబట్టి పరికరం పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. పదాలు పోయి, పరికరం కూడా పాడైతే కంపెనీ కూడా ఏమీ చేయలేదు. పదాలు వేరొకరి కంటపడితే మాత్రం పరికరం మీ బీరువాలో భద్రంగా ఉండగానే సొమ్ము వెళ్లిపోతుంది. చాలామంది పరికరాన్ని అపురూపంగా దాచి, పదాల కాగితాన్ని డైరీలో మడిచి పెడతారు. జరగవలసింది సరిగ్గా దానికి తలకిందులు.

పెట్టె సంగతికి వస్తే, ప్లాస్టిక్ కవరును చూసి నమ్మడానికి వీల్లేదు, ఎందుకంటే కవరు మళ్లీ చుట్టడం ఎవరికైనా చేతనైన పనే. 2023లో కాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా కంపెనీ పరిశోధకులు, ట్రెజర్ అనే మరో కంపెనీ హార్డ్‌వేర్ వాలెట్ మోడల్ టీకి నకిలీ ఒకదానిని విప్పి చూశారు. బయటి స్టిక్కర్లు మొదలుకొని స్క్రీన్ దాకా అంతా అసలుదానిలాగే ఉంది గానీ, లోపల చిప్‌ను మార్చి, ఫర్మ్‌వేర్‌ను (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ను) తిరగరాశారు. సెటప్ సమయంలో అది అప్పటికప్పుడు పుట్టించినట్టు చూపించిన పదాలు, నిజానికి దొంగలు ముందే సిద్ధం చేసి ఉంచిన 20 జాబితాలలో ఒకటి. యజమాని అదనంగా పాస్‌వర్డు పెట్టుకున్నా, దానిలో మొదటి అక్షరాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకునేలా మార్చారు. అతని పరికరం అతని దగ్గరే ఉంది, డబ్బు పోయింది.

అంతమాత్రాన మీ పరికరాన్ని పారేయనక్కర్లేదు. లెడ్జర్ పరికరాలలో సెక్యూర్ ఎలిమెంట్ అనే ప్రత్యేకమైన చిప్ ఉంటుంది. దానిని కంపెనీ అప్లికేషన్‌కు కలిపినప్పుడు, తయారీలో తనలో పెట్టిన కీతో అది అసలుదేనని కంపెనీ సర్వర్‌కు రుజువు చేసుకోవాలి. ఆ పరీక్ష నెగ్గితే వాడవచ్చు. కానీ పరీక్ష చేసే అప్లికేషన్ అసలుది కావడం అంతకన్నా ముఖ్యం. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే లెడ్జర్ పేరుతో ఒక నకిలీ అప్లికేషన్ చేరి కొందరి సొమ్ము ఊడ్చేసింది. అందుచేత సెర్చిలో పైన కనబడే ప్రకటనను నొక్కకుండా, కంపెనీ చిరునామాను మీరే టైపు చేసి అక్కడి నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్టెలో ముందే పదాలు రాసి ఉన్న కార్డు కనిపించినా, మొదటిసారి ఆన్ చేయగానే పరికరం కొత్తగా పిన్ పెట్టుకోమనకుండా పాత పిన్ అడిగినా, ఇక పరీక్షలతో పని లేదు, అది మోసమే.

పిన్ 4 నుంచి 8 అంకెల దాకా పెట్టుకోవచ్చు. ఎనిమిదీ పెట్టండి, పుట్టినతేదీలూ బండి నంబర్లూ వద్దు. లెడ్జర్‌లో వరుసగా మూడుసార్లు తప్పు పిన్ కొడితే పరికరం తనను తాను చెరిపేసుకుంటుంది. ట్రెజర్‌లో ఆ హద్దు ఇంకాస్త ఎక్కువ. చెరిగిపోవడం నష్టం కాదు, పదాలు ఉంటే మళ్లీ అదే వాలెట్ తిరిగి వస్తుంది.

పదాలు పరికరం తెరపై ఒక్కొక్కటిగా వస్తాయి. గదిలో కెమెరా గానీ, నిలబెట్టిన ఫోను గానీ లేకుండా చూసుకుని, వరుస సంఖ్యలతో పెన్నుతో రాయండి. కొందరు గుట్టు కోసం ఇంగ్లీషు పదాలను తెలుగు లిపిలో రాసుకుంటారు, ఆ ప్రయోగం చేయకండి. పదేళ్ల తరువాత స్పెల్లింగు ఊహించుకోవలసి వస్తుంది. ఈ పదాలను ఎంచే ప్రామాణిక జాబితాలో ఉన్నవి మొత్తం 2048 పదాలు. 24వ పదంలో ముందరి పదాలను సరిచూసే అంకె కొంత ఇమిడి ఉంటుంది గనుక, ఎక్కడైనా తప్పు పదం రాసుకుని ఉంటే తిరిగి ఎక్కించేటప్పుడు పరికరం దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది. కానీ అది పట్టేసే సమయానికి అసలు పదాలు చూపిన పరికరం మీ చేతిలో పనిచేస్తూ ఉండాలి. అందుకే నేను చెప్పబోయేదే ఈ మొత్తం వ్యవహారంలో కీలకమని నా అభిప్రాయం.

ముందుగా ఎక్స్ఛేంజీ నుంచి చాలా చిన్న మొత్తం మాత్రమే పంపించండి. అది చేరాక, ఆ వాలెట్ చిరునామాను ఒక కాగితంపై రాసి పెట్టుకుని, కావాలనే మూడుసార్లు తప్పు పిన్ కొట్టి పరికరాన్ని ఖాళీ చేయండి. తరువాత మీరు రాసుకున్న కాగితం తప్ప వేరే ఏ ఆధారమూ లేకుండా 24 పదాలు పరికరంలోనే ఎక్కించండి. అదే చిరునామా, అదే నిల్వ కనిపించాలి. ఆపైన ఆ చిన్న మొత్తంలో కొంత తిరిగి ఎక్స్ఛేంజీకి పంపి చూడండి. లోపలికి రావడమే కాదు, బయటకు వెళ్లడం కూడా మీ కళ్లతో చూసిన తరువాతే పెద్ద మొత్తం కదిలించాలి. ఇదంతా ఒక ఆదివారం మధ్యాహ్నం పని, అయినా పది మందిలో ఒకరు చేస్తే గొప్ప. డబ్బు ఎక్కిన తరువాత ఈ పరీక్ష చేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు; అందుకే ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి.

పంపేటప్పుడు చిరునామాను కంప్యూటరు తెరపై కాదు, పరికరం తెరపై చూసి సరిపోల్చుకోండి. కాపీ చేసిన చిరునామాను అతికించేలోపే దొంగ చిరునామాగా మార్చేసే మాల్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు కలిశాయని తృప్తిపడవద్దు, అవి మాత్రమే కలిసేలా చిరునామాలు తయారుచేసి మీ లావాదేవీల చరిత్రలోకి చొప్పించే మోసం కూడా ఉంది. బిట్‌కాయిన్‌కు బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌నే, ఈథర్‌కు ఇథీరియం మెయిన్‌నెట్‌నే (దాని ప్రధాన నెట్‌వర్క్‌నే) ఎంచుకోండి. ఫీజు తక్కువని వేరే నెట్‌వర్కు ఎంచుకుంటే ఆ తరువాత వెతుకులాట తప్పదు.

ఈమెయిల్ డ్రాఫ్టు సలహా గురించి ఒక్క మాటే చెబుతాను: వద్దు. ఫోన్ గ్యాలరీలో ఫోటోలను చదివి రికవరీ పదాల కోసం వెతికే స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్‌ను 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ బయటపెట్టింది. అది గూగుల్ ప్లేలోనూ, యాపిల్ యాప్ స్టోర్‌లోనూ ఉన్న అప్లికేషన్లలోనే దొరికింది. ఆ పదాలకు కీబోర్డూ కెమెరా రెండూ నిషిద్ధం. వాటిని ఎక్కించవలసిన చోటు పరికరం ఒక్కటే.

సగం సగం పంచే సలహా మరీ తెలివితక్కువది కాదు, కానీ మీకు పనికిరాదు. 24లో 12 తెలిసినవాడు మిగతా 12 ఊహించలేడు, నిజమే. అయితే ఏ ఒక్క సగం పోయినా మొత్తం పోయినట్టే గనుక, దొంగ భయం తగ్గించుకోబోయి పోగొట్టుకునే దారులను రెట్టింపు చేసుకుంటారు. 12 పదాల వాలెట్‌నైతే ఇలా చీల్చడం మరీ ప్రమాదం, ఆరు పదాలు తెలిసినవాడికి మిగిలిన ఆరింటి కోసం వెతకడం ఎంతో తేలిక. పంచడమే కావాలంటే, మూడు భాగాలలో ఏ రెండు దొరికినా చాలేలా గణితం ప్రకారం పంచే షామీర్ పద్ధతి ఉంది. ట్రెజర్ సేఫ్ శ్రేణిలో ఆ సదుపాయం ఇచ్చారు.

రాణిగంజ్_స్టీలు

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. నేను కాగితం గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే నా వ్యాపారం లోహంతోనే.

2020 అక్టోబరు వర్షాలకు మన నగరంలో ఎన్ని కాలనీలలో గ్రౌండ్‌ఫ్లోరు బీరువాలు నీట మునిగాయో గుర్తుండే ఉంటుంది. జెల్ పెన్నుతో రాసిన కాగితం ఒక్కసారి తడిస్తే మిగిలేది నీలి మరక మాత్రమే. లామినేషన్ చేయించవచ్చు కదా అని కొందరు అడుగుతారు. జిరాక్స్ షాపు కుర్రాడి చేతికి ఆ కాగితం ఇవ్వడం కన్నా తడవనివ్వడమే నయం. పరీక్ష పూర్తయ్యేవరకు కాగితం చాలు, పెద్ద మొత్తం ఎక్కించేముందు మాత్రం లోహపు పలకపైకి మార్చండి.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు షీటు ముక్క, లెటర్ పంచ్ సెట్టు దొరుకుతాయి. షీటు రెండు మిల్లీమీటర్ల మందం ఉంటే వంగదు. అల్యూమినియం మెత్తగా ఉండి సులువుగా అచ్చు పడుతుందని దానివైపు మొగ్గకండి, అది 660 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కరగడానికి సుమారు 1400 డిగ్రీలు కావాలి. మామూలు ఇనుము మన వానాకాలాలకు తుప్పు పడుతుంది.

జాబితాలోని ప్రతి పదాన్నీ మొదటి నాలుగు అక్షరాలతోనే గుర్తుపట్టవచ్చు, ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటిగా ఉండవు. అంటే పదానికి నాలుగు దెబ్బలు చాలు. మూడు అక్షరాల పదమైతే నాలుగో గడి ఖాళీగా వదిలేయండి. వరుస సంఖ్యలు మాత్రం తప్పక కొట్టండి. పంచ్ కొన మీద అక్షరం తిరగబడి ఉంటుంది గనుక పట్టుకునే దిశను బట్టే అంతా ఉంటుంది. ఎం అక్షరాన్ని తలకిందులుగా పెడితే డబ్ల్యూ అవుతుంది, ఎన్ అక్షరాన్ని పక్కకు తిప్పితే జెడ్ అవుతుంది. చౌక సెట్లలో ఏ వైపు పైకి ఉండాలో గుర్తు ఉండదు, కాబట్టి ముందుగా ప్రతి పంచ్‌నూ ఒక పాత ముక్కపై కొట్టి చూసుకుని, పైకి ఉండవలసిన వైపు మార్కరుతో గీత పెట్టుకోండి. కింద బలమైన ఆధారం లేకపోతే పలక ఎగిరి అచ్చు రెండుగా పడుతుంది. పాత రోలు గానీ, మందపాటి రాయి గానీ సరిపోతుంది. అపార్టుమెంటులో అయితే పగటిపూట చేయండి, కింది ఫ్లాటువారు తలుపు కొట్టి ఏం చేస్తున్నారని అడిగితే చెప్పడానికి ఏదో ఒక జవాబు సిద్ధం చేసుకోండి.

బాలానగర్‌లో లేజర్‌తో అందంగా చెక్కి ఇచ్చే యూనిట్లు చాలా ఉన్నాయి. అందంగానే ఉంటుంది, కానీ మీరిచ్చిన ఫైలు వాళ్ల కంప్యూటరులోనే ఉండిపోతుంది.

తార్నాక_గణితం

ఒక విషయంలో కొండాపూర్ గారి జాబితాలో లోటు ఉందని నాకు అనిపిస్తోంది. పలకపై 24 పదాలూ బహిరంగంగా ఉన్నప్పుడు, ఆ పలక దొరికిన వ్యక్తికి ఇక ఏ అడ్డూ ఉండదు. పదాలకు తోడు మీరు ఎంచుకున్న ఒక పాస్‌ఫ్రేజ్‌ను జోడిస్తే పూర్తిగా వేరే వాలెట్ తయారవుతుంది, పదాలు మాత్రమే తెలిసినవాడికి అది కనిపించనే కనిపించదు. 2020 జనవరిలో క్రాకెన్ ఎక్స్ఛేంజీకి చెందిన క్రాకెన్ సెక్యూరిటీ ల్యాబ్స్ వారు, అప్పటి ట్రెజర్ పరికరం చేతికి దొరికితే పావుగంటలో దానిలోని సీడ్‌ను (ఆ రికవరీ పదాల రహస్యాన్ని) బయటకు లాగవచ్చని చూపించారు. దానికి వారు సూచించిన రక్షణ కూడా పాస్‌ఫ్రేజే. ట్రెజర్‌లో పాస్‌ఫ్రేజ్ పరికరంలో నిల్వ ఉండదు గనుక చిప్‌ను విప్పినా దొరకదు. మాస్టారి వద్ద ఉన్న మొత్తం జీవితకాలపు పొదుపులో గణనీయమైన భాగమే అయితే, దీనిని వదులుకోవడానికి కారణం ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

కొండాపూర్_ఎంబెడెడ్

తార్నాక గారూ, మీరు చెప్పిన సంగతులన్నీ నిజమే. నేను దానిని తెలిసే వదిలేశాను. క్రాకెన్ వారు ఛేదించిన ఆ నమూనాలలో సెక్యూర్ ఎలిమెంట్ లేదు. మాస్టారి పరికరంలో ఉంది. అది అసలు భేదం కాదు, ఒప్పుకుంటాను. నా అభ్యంతరం వేరే చోట ఉంది. పిన్ తప్పు కొడితే పరికరం తప్పు అని చెబుతుంది. పాస్‌ఫ్రేజ్ తప్పు కొడితే ఏమీ చెప్పదు. ఒక పెద్దక్షరం చిన్నక్షరమైనా, చివర ఒక ఖాళీ ఎక్కువైనా, అంతే సక్రమమైన మరో ఖాళీ వాలెట్‌ను తెరిచి చూపిస్తుంది. మాస్టారి భార్య ఏదో ఒక రోజు ఒంటరిగా కూర్చుని ఆ ఖాళీ వాలెట్‌ను చూసి, సొమ్ము ఎప్పుడో పోయిందనుకుని ఊరుకుంటే, పాస్‌ఫ్రేజ్ దొంగను ఆపినట్టా, వారసురాలిని ఆపినట్టా? జ్ఞాపకంలో మాత్రమే ఉంచుకున్న పాస్‌ఫ్రేజ్‌కు ఒక్క ప్రమాదం చాలు.

తార్నాక_గణితం

జ్ఞాపకంలో మాత్రమే ఉంచుకోమని నేను అనలేదు. దానిని కూడా రాయాలి, కానీ పలక ఉన్నచోట కాకుండా వేరేచోట ఉంచాలి. రాసేటప్పుడు పెద్ద అక్షరాలు, అంకెలు, ఖాళీలు ఎక్కడెక్కడ ఉన్నాయో విడిగా వివరించాలి. దానితోపాటు ఆ వాలెట్ మొదటి చిరునామాను కూడా అదే కాగితంపై రాస్తే, తెరిచినవారు తాము సరైన వాలెట్‌లోకే వచ్చారో లేదో సరిపోల్చుకోగలుగుతారు. చిరునామా రహస్యం కాదు, అది తెలిసినా ఎవరూ సొమ్ము తీయలేరు. ఈ ఒక్క జాగ్రత్తతో మీ అభ్యంతరంలో చాలా భాగం తీరిపోతుందని నా నమ్మకం. అయితే మొదటి రోజే అన్నీ కలిపి మొదలుపెట్టవద్దని మాత్రం నేనూ అంటాను. ముందు పదాలతో తిరిగి తెచ్చుకునే పరీక్ష చేసి, అది చేతికి అలవాటైన తరువాత పాస్‌ఫ్రేజ్ గురించి ఆలోచించవచ్చు.

హిమాయత్‌నగర్_సీఏ

మాస్టారు కామర్స్ అధ్యాపకులు గనుక పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. మీ ఎక్స్ఛేంజీ ఖాతా నుంచి మీ సొంత వాలెట్‌కే పంపినప్పుడు యాజమాన్యం మారదు కాబట్టి అది అమ్మకం కాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన 30 శాతం పన్ను గానీ, అదే ఏడాది జులై 1 నుంచి వచ్చిన 1 శాతం టీడీఎస్ గానీ అక్కడ వర్తించవు. మీరు ఎప్పుడో అమ్మినప్పుడు పన్ను వస్తుంది, అప్పుడు కొన్న ధర తప్ప మరే ఖర్చునూ తగ్గించుకోనివ్వరు, ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో సర్దుకోనివ్వరు. అందువల్ల కొన్న ధర రుజువే మీకు అతి ముఖ్యమైన కాగితం. రిటర్నులో కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, వచ్చిన మొత్తం విడివిడిగా చూపాలి. సొమ్ము బయటకు తీసేశాక ఎక్స్ఛేంజీ ఖాతాతో పనేముందని అనుకోకుండా, 2021 నుంచి ఉన్న లావాదేవీల స్టేట్‌మెంట్లన్నీ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఆ సంస్థ మూతపడితే ఆ లెక్క మళ్లీ దొరకదు. పంపేటప్పుడు ఆ వాలెట్ ఎవరిదని ఎక్స్ఛేంజీ అడుగుతుంది, అది మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద 2023 మార్చి నుంచి వారిపై ఉన్న బాధ్యతల వల్ల, కంగారు పడనక్కరలేదు. కొన్ని ఎక్స్ఛేంజీలు బయటి వాలెట్‌కు పంపడాన్ని అసలు అనుమతించవు. మీది ఏ కోవలోకి వస్తుందో పరికరంతో తంటాలు పడకముందే చూసుకోండి.

లాకరు మంచి ఆలోచనే, కానీ దాని హద్దులు తెలిసి వాడండి. 2022 జనవరి నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వంటి సందర్భాలలో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే ఉంటుంది. వరద, భూకంపం వంటి వాటిలో, తన నిర్లక్ష్యం లేనప్పుడు, అదీ లేదు. అందుచేత ఒక పలక లాకరులో, ఇంకొకటి వేరే ఊరిలో ఉండడం మేలు. కరీంనగర్‌లోని మీ అమ్మగారి ఇల్లు దానికే పనికొస్తుంది, సగం కాదు, పూర్తి పలకే పెట్టవచ్చు, దాచే చోటు గట్టిదైతే.

లాకరుకు నామినీగా మీ శ్రీమతి పేరు తప్పక రాయండి. మీ తదనంతరం ఆమె లాకరు తెరిచేటప్పుడు సాక్షుల సమక్షంలో లోపలి వస్తువుల జాబితా తయారు చేస్తారు. పలక అక్కడ బట్టబయలుగా ఉంటే ఆ గదిలో ఉన్నవారందరూ దానిని చూస్తారు. కానీ నామినీకి అప్పగించేటప్పుడు సీలు వేసిన పొట్లాలను బ్యాంకు తెరవనక్కరలేదని నిబంధనలలోనే ఉంది. కాబట్టి పలకను అవతలికి కనిపించని మందపాటి కవరులో పెట్టి, లక్కతో గానీ సంతకం చేసిన టేపుతో గానీ మూసి, పైన కుటుంబ పత్రాలు అని మాత్రమే రాయండి.

వీలునామాలో పదాలు గానీ, పిన్ గానీ రాయకూడదు. అది ఎందరి చేతుల్లో తిరుగుతుందో మీరు నిర్ణయించలేరు. ఆస్తి ఉన్నదని, అది ఎవరికి చెందుతుందని మాత్రం రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే తరువాత వాదాలు తక్కువ. దానికి విడిగా మీ శ్రీమతికి ఒక ఉత్తరం రాయండి. అందులో రహస్యం ఏదీ ఉండకూడదు: ఫలానా చోట సీలు కవరు ఉంది, పరికరం ఫలానా అరలో ఉంది, తొందరపడి ఎవరికీ చూపవద్దు, ముందుగా ఫలానా బంధువును పిలువు అని ఉంటే చాలు. ఆమె చేత ఒకసారి మీ సమక్షంలోనే చిన్న మొత్తంతో పరికరాన్ని తిరిగి తెరిపించి చూడండి. ఉత్తరంలో మీరు వదిలేసిన అడుగు ఏదో అప్పుడే తెలుస్తుంది.

నిజాంపేట_మాస్టారు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పెట్టె తెరిచాను. కార్డు ఖాళీగానే ఉంది, పరికరం కొత్త పిన్ అడిగింది, అసలుదేనన్న పరీక్ష కూడా నెగ్గింది. చెరిపి తిరిగి తెచ్చుకునే పరీక్షను మా ఆవిడ చేతే చేయించాను. ఆమెకు కష్టమనిపించింది పదాలు ఎక్కించడం కాదు. రెండే బటన్లతో ఒక్కో అక్షరం దగ్గరకు జరగడం. ఉత్తరంలో ఆ సంగతి చేర్చాను. రాణిగంజ్‌కు వచ్చే శనివారం వెళుతున్నాను.

ఇంకా రెండు చిన్న సందేహాలు మిగిలాయి. ఫర్మ్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చిందని అప్లికేషన్ చూపిస్తోంది. అది పెట్టుకుంటే పదాలు చెరిగిపోతాయా? అలాగే మా బావగారికి వాలెట్ కంపెనీ పేరుతో, భద్రతా తనిఖీ కోసం పదాలు నమోదు చేయమని ఒక ఉత్తరం వచ్చిందట, అది ఏమై ఉంటుంది?

కొండాపూర్_ఎంబెడెడ్

ఫర్మ్‌వేర్ మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా. సాధారణంగా పదాలకు ఏమీ కాదు, కానీ మధ్యలో కరెంటు పోయి పరికరం మొండికేస్తే తిరిగి ఎక్కించవలసి రావచ్చు గనుక పదాలు అందుబాటులో ఉన్న రోజునే ఆ పని పెట్టుకోండి. ఫర్మ్‌వేర్‌ను అప్లికేషన్ ద్వారానే తీసుకోండి, మెయిల్‌లో వచ్చిన లింకు ద్వారా ఎప్పుడూ తీసుకోవద్దు.

మీ బావగారికి వచ్చిన ఉత్తరం మోసం. 2020లో లెడ్జర్ కొనుగోలుదారుల వివరాలు బయటకు పొక్కాయి, సుమారు 2.7 లక్షల మంది పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఆ డిసెంబరులో బహిరంగంగా వచ్చేశాయి. 2021లో కొందరి ఇళ్లకు నకిలీ పరికరాలనే పోస్టులో పంపించారు, తరువాత కంపెనీ తలకట్టుతో ఉత్తరాలు కూడా వెళ్లాయి. బావగారు పదాలు ఎక్కడా ఎక్కించకపోతే ఏమీ చేయనక్కరలేదు, ఉత్తరం చింపేయవచ్చు. ఎక్కించి ఉంటే మాత్రం ఫిర్యాదులకన్నా ముందు, కొత్తగా పుట్టించిన పదాలతో మరో వాలెట్ తెరిచి మిగిలినదంతా ఆ నిమిషంలోనే అక్కడికి పంపేయాలి. ఇక్కడ ఎవరికైనా అలా జరిగితే ఆ తరువాత సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మీ ఈథర్ గురించి ఒక మాట చెప్పడం మరిచాను. బిట్‌కాయిన్‌లో పరికరం తెర చిరునామానూ మొత్తాన్నీ స్పష్టంగా చూపుతుంది. ఇథీరియంలో స్మార్ట్ కాంట్రాక్టుల (బ్లాక్‌చెయిన్‌పై నడిచే ప్రోగ్రాముల) మీద సంతకం చేసేటప్పుడు కొన్నిసార్లు తెరపై అర్థం కాని అక్షరాల వరుస మాత్రమే కనిపించి, బ్లైండ్ సైనింగ్‌కు, అంటే దేనిపై సంతకమో చదవకుండానే చేయడానికి, ఒప్పుకోమంటుంది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 150 కోట్ల డాలర్లు పోయినప్పుడు, సంతకం చేసినవారి చేతుల్లో హార్డ్‌వేర్ వాలెట్లే ఉన్నాయి. కంప్యూటరు తెర మామూలు లావాదేవీని చూపింది, వారు సంతకం చేసింది వేరొకదానిపై. కాబట్టి ఆ సెట్టింగును ఆపి ఉంచండి. ఎప్పుడైనా ఏదో వెబ్‌సైటులో ఈథర్ వాడి చూడాలనిపిస్తే, దానికి వేరే పదాలతో ఫోన్‌లో ఒక చిన్న వాలెట్ పెట్టుకుని, పోయినా బాధపడని మొత్తం మాత్రమే అందులో వేసుకోండి. ఈ పరికరాన్ని ఆ పనికి తీయవద్దు.

రాణిగంజ్_స్టీలు

మాస్టారూ, శనివారం అంటున్నారు గనుక: పంచ్ సెట్టు కొనేటప్పుడు మూడు గానీ నాలుగు గానీ మిల్లీమీటర్ల అక్షరం తీసుకోండి, అంతకన్నా పెద్దదైతే 24 పదాలకు ఒక పలక చాలదు. అంకెల సెట్టు విడిగా అడగండి, చాలా దుకాణాలలో అక్షరాలతో కలిపి ఇవ్వరు. షీటును అక్కడే కోయించి అంచులు అరగదీయించండి, లేకపోతే చేయి తెగుతుంది. రెండు పలకలకు సరిపడా కోయించుకోండి, కరీంనగర్‌కు ఒకటి కావాలి కదా.